బడి కమిటీ పాఠాలు – 4: జీవోను కింద నుంచి పైకి చదవండి

పోయిన పాఠం అచ్చయిన మూడో రోజు నుంచి నా సెల్లు మోగుతూనే ఉంది. తప్పు సగం నాదే. జీవో పైన ఉండే అబ్‌స్ట్రాక్ట్, అంటే సారాంశం, నాలుగు లైన్లు చదివితే విషయం అర్థమవుతుందని రాశాను. విషయం అర్థమవుతుందన్నానే గానీ పని మొదలుపెట్టమనలేదు. ఆ తేడా నేను రాయలేదు, మీరు అడగలేదు.

పత్తికొండ వైపు ఒక బడి తల్లిదండ్రుల కమిటీ వాళ్లు ఏం చేశారంటే, "జీవో 117 రద్దయినందున మా 3, 4, 5 తరగతులు వచ్చే సోమవారం నుంచి మా ఊరి బడిలోనే జరపవలెనని తీర్మానించడమైనది" అని రాసి, సభ్యులంతా సంతకాలు పెట్టి, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు పట్టుకుపోయారు. ఆయన చదివి, "దీంతో నన్నేం చేయమంటారప్పా?" అని తిరిగి చేతిలో పెట్టాడంట. ఆ సాయంత్రమే చైర్‌పర్సన్ ఫోన్ చేసింది. "సార్, మీరు చెప్పినట్లే చదివితిమి కదా, యాడ తప్పు పోయింది?"

చూడమ్మా, రద్దయిన మాట నిజమే. 2022 జూన్ 10న వచ్చిన ఆ జీవోతోనే కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు 3, 4, 5 తరగతులు వెళ్లాయి. 2025 మేలో దాన్ని తీసేసి కొత్త ఉత్తర్వులు ఇచ్చారు. అయితే కొత్త గోడ కూల్చినంత మాత్రాన పాత గోడ దానంతటది లేచి నిలబడదు. కొత్త ఉత్తర్వుల్లో బడుల రకాలు మారాయి, మోడల్ ప్రైమరీ అనే మాట వచ్చింది, పిల్లల సంఖ్యకు టీచర్లను ఇచ్చే లెక్క కూడా మారింది. మీ ఊరి బడి అందులో ఏ రకం కింద పడిందో చూడకుండా "117 రద్దు" అన్న రెండు మాటలతో తరగతులు తిరిగి రావు.

అందుకే ఈసారి జీవోను తలకిందులుగా చదువుదాం. డౌన్‌లోడ్ ఎలా చేయాలో చెప్పను, మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లో పిల్లవాడో చూపిస్తారు. (2021లో జీవోలు వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసినప్పుడు మేం పడిన తిప్పలు మీకు లేవు. 2024 నుంచి మళ్లీ పెడుతున్నారు.) ఒక్కటే షరతు: వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చదవద్దు, పూర్తి పీడీఎఫ్ చదవండి. ఫొటోలో ఎప్పుడూ మొదటి పేజీయే ఉంటుంది. మనకు కావలసింది చివరి పేజీ.

చివరి పేజీలో సంతకం కింద 'టు' అని ఉంటుంది. నేను ముందు చూసేది దాన్నే. ఈ కాగితం ఎవరికి ఆజ్ఞ ఇస్తోంది? అక్కడ పాఠశాల విద్య కమిషనర్ లేదా డైరెక్టర్ పేరు మాత్రమే ఉంటే ఎంఈఓ దగ్గరికి పరుగెత్తి లాభం లేదు. కమిషనర్ ప్రొసీడింగ్స్, అంటే అమలు చేయమనే కాగితాలు రావాలి, అవి జిల్లా విద్యాధికారి (డీఈఓ)కి, అక్కడి నుంచి మండలానికి దిగాలి. పైన వాన పడ్డ రోజే కింద కాలువ పారదు.

ఆజ్ఞ ఎవరికి అని ముందు చూసే ఈ అలవాటు 2024 డిసెంబరులో ఉండి ఉంటే చాలామందికి టెన్షన్ తప్పేది. ఐదు, ఎనిమిది తరగతుల్లో పిల్లలను ఫెయిల్ చేస్తారని ఊరూరా ఒకటే గోల. ఎమ్మిగనూరు నుంచి ఒక తండ్రి కూతుర్ని బడి మాన్పించాలా అని అడిగాడు. అసలు జరిగింది ఇదీ. విద్యాహక్కు చట్టాన్ని 2019లో సవరించి, ఆ రెండు తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవాళ్లకు రెండు నెలల్లో మరో అవకాశం ఇచ్చి, అప్పటికీ పాస్ కాకపోతే అదే తరగతిలో ఉంచే వీలు ప్రభుత్వాలకు కల్పించారు. 2024 డిసెంబరులో కేంద్రం ఆ వీలును తన సొంత బడులకు వాడుకుంది. అంటే అది బనవాసి నవోదయకు వర్తిస్తుంది. ఆ తండ్రి కూతురు చదివే మండల పరిషత్ బడికి వర్తించాలంటే మన రాష్ట్రం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. జాతీయ విద్యా విధానం 2020 పేరు చెప్పి వాదించేవాళ్లకూ ఇదే జవాబు. అది విధానం. దాన్ని చూపించి బడికి తాళం వేయలేరు, తీయనూ లేరు.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండే చోటు. ఆర్డరు పేరాలలో పాత జీవోను తలుచుకునేటప్పుడు మూడు రకాల మాటలు వాడతారు: ఇన్ సూపర్‌సెషన్ ఆఫ్, ఇన్ పార్షియల్ మోడిఫికేషన్ ఆఫ్, ఇన్ కంటిన్యుయేషన్ ఆఫ్. ముప్పై ఏళ్ల సర్వీసున్న హెడ్‌మాస్టర్లు కూడా మూడింటినీ కలిపి "కొత్తదొచ్చింది, పాతది పోయింది" అనేస్తారు.

బోరు మోటారు కాలిపోయిందనుకోండి. దాన్ని పైకి లాగి పక్కన పడేసి కొత్త మోటారు దించితే అది సూపర్‌సెషన్. పాత మోటారుకే వైండింగ్ చేయించి మళ్లీ దించితే పార్షియల్ మోడిఫికేషన్. బాడీ పాతదే, షాఫ్టు పాతదే, మారింది తీగ మాత్రమే. నీళ్లు లోతుకు పోయాయని ఇంకో రెండు పైపులు కలిపితే కంటిన్యుయేషన్. అనంతపురం రైతుకు ఇది చెప్పాల్సిన పని లేదు. వైండింగ్ చేసిన మోటారును ఎవరైనా కొత్త మోటారు అంటే వాళ్లే నవ్వుతారు. జీవో దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు.

నాకూ ఒకసారి పోయింది. నేను హెడ్‌మాస్టరుగా ఉన్నప్పుడు ఒక గ్రాంటు మొత్తాన్ని పెంచుతూ ఉత్తర్వు వచ్చింది. ఒక పేజీ కాగితం, చక్కగా ఉంది. అందులో కమిటీ తీర్మానం ఊసే లేదు. తీర్మానం అక్కర్లేదేమోనని రంగులు కొన్నాను, గేటు చేయించాను, ఆ తర్వాత మీటింగు పెట్టాను. ఆడిట్‌లో పట్టుకున్నారు. ఆ ఒక పేజీ కాగితం పార్షియల్ మోడిఫికేషన్. మొత్తం అంకె మాత్రమే మారింది. ఖర్చుకు ముందే తీర్మానం ఉండాలన్న షరతు పాత ఉత్తర్వులో తొమ్మిదో పేరాలో హాయిగా బతికే ఉంది. గేటు డబ్బులు నా జీతంలోంచి కట్టాను. ఇప్పటికీ ఆ గేటు ముందు నుంచి పోతే ఒకసారి చేత్తో తట్టి పోతాను, నాది కదా.

కాబట్టి 'పార్షియల్' కనబడగానే ఆగండి. జీవో మొదట్లో 'రీడ్' అన్న మాట కింద పేర్కొన్న పాత జీవోను తెచ్చుకుని, మారిన పేరా మీద పెన్సిలుతో గీత కొట్టి, కొత్త మాటలు పక్కన రాసుకోండి. రెండూ కలిపితేనే ఒక ఉత్తర్వు. నేను ఎర్ర పెన్ను వాడతాను, మీ ఇష్టం.

'షల్' అంటే చేయాలి, 'మే' అంటే చేయవచ్చు. దీని మీద ఇంతకంటే చెప్పేది లేదు.

ధర్మవరం నుంచి ఒకాయన తల్లికి వందనం పథకం గురించి అడిగాడు. పిల్లకు 15,000లో 13,000 తల్లి ఖాతాకు పోను, మిగతా 2,000 బడి నిర్వహణకని ఉంది గనుక అది తమ కమిటీ ఖాతాలో వేయాలని తీర్మానం రాశాడంట. అన్నా, దేనికి అన్నది చదివావు. ఎవరి ఖాతాకు అన్నది చదివావా?

ఇప్పుడు పత్తికొండ తీర్మానాన్ని మళ్లీ రాద్దాం. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కమిటీకి ఇచ్చిన పనులు బడి నడకను, గ్రాంట్ల ఖర్చును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫారసు చేయడం. సిఫారసు అన్న మాట గుర్తుపెట్టుకోండి. మన తీర్మానం హుకుం కాదు. అలాగని బిచ్చం కూడా కాదు. లెక్కలతో రాసింది రికార్డులో నిలబడుతుంది. నేనైతే ఇలా రాస్తాను:

"మా ఆవాసంలో 3వ తరగతి చదవాల్సిన పిల్లలు ఇంతమంది, 4లో ఇంతమంది, 5లో ఇంతమంది. ప్రస్తుతం వారు వెళ్లే హైస్కూలు ఇంత దూరం. దారిలో వంక ఉంది, వానాకాలంలో పిల్లలు దాటలేరు. మా బడిలో వాడుకలో ఉన్న గదులు ఇన్ని. ఫలానా తేదీ ఉత్తర్వు ఫలానా పేరా ప్రకారం మా బడిని పరిశీలించి, ఈ తరగతులను ఇక్కడ నడిపే విషయమై నిర్ణయం తెలపాలని కమిటీ సిఫారసు చేస్తోంది. ప్రతిపాదించినవారు, బలపరచినవారు, హాజరైనవారి సంతకాలు."

ఇందులో 'వంక' అన్న మాటకు ఉన్న బలం 'తీర్మానించడమైనది' అన్నదానికి లేదు. కాపీకి ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. విడి కాగితాల మీద రాయొద్దు, లాంగ్ నోట్‌బుక్కులో పేజీ నంబర్లు వేసి రాయండి.

అభ్యాసం ఒకటే ఇస్తాను, కానీ కష్టమైనది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాళ్లకు మరీ ముఖ్యం. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రైమరీలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కదిలాక మీ బడిలో ఈ అంకెలు ఏమవుతాయో ఎవరైనా లెక్క కట్టారా? హెడ్‌మాస్టరును అడిగి గత మూడేళ్ల హాజరు పట్టీలు తీయండి. ప్రతి ఏడాదీ జూలైలో ఎంతమంది, నవంబరులో ఎంతమంది, ఫిబ్రవరిలో ఎంతమంది, తరగతి వారీగా చేత్తో రాయండి. పేరు రిజిస్టరులో ఉండి పిల్ల బడిలో లేకపోతే దాన్ని వేరే గడిలో వేయండి. వలస వెళ్లినవాళ్లలో సీజనల్ హాస్టల్లో చేరినవాళ్లెందరో ఇంకో గడి. మూడేళ్లు, మూడు నెలలు, ఐదు తరగతులు: గడికి నలభై ఐదు అంకెలు. రెండు ఆదివారాలు పడుతుంది. వచ్చే పాఠంలో మూడేళ్ల బడి అభివృద్ధి ప్రణాళిక ఈ పట్టిక మీదే మొదలుపెడతాను. పట్టిక లేనివాళ్లు ఫోన్ చేయొద్దు.