మహమ్మారి సమయంలో చిన్న క్లినిక్‌లో ఇన్ఫెక్షన్ పాకకుండా ఎలా చూసుకోవాలి?

పేషెంటు డాక్టర్ గదిలో ఉండేది ఐదు నిమిషాలు, బయట బెంచీ మీద కూర్చునేది గంట. అందుకే జాగ్రత్తలు డాక్టర్ గది నుంచి కాదు, గుమ్మం నుంచే మొదలుకావాలి.

1. గుమ్మం దగ్గరే అడగండి. జ్వరం, దగ్గు, ఆయాసం ఉన్నాయా, ఇంట్లో ఇంకెవరికైనా బాగాలేదా అని లోపలికి రాకముందే అడగాలి. ఉందంటే వెంటనే మాస్కు ఇచ్చి విడిగా కూర్చోబెట్టాలి. నుదుటి దగ్గర పెట్టే థర్మామీటర్‌ను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. జ్వరం బిళ్ల వేసుకుని వచ్చినవాళ్లను అది పట్టుకోలేదు. పైగా కోవిడ్ లాంటి జబ్బు లక్షణాలు బయటపడకముందే అంటుకుంటుంది. అడిగే తీరు మరీ ముఖ్యం. గద్దించినట్టు అడిగితే దగ్గు దాచుకుంటారు. "దగ్గుంటే చెప్పండమ్మా, మిమ్మల్ని ముందే చూసి పంపిస్తాం" అంటే వాళ్లే చెబుతారు.

2. గుంపు తగ్గించండి. ఒక్కొక్కరికీ టైమ్ ఇవ్వండి. బీపీ, షుగర్ నిలకడగా ఉన్నవాళ్లతో ఫోన్‌లో మాట్లాడితే చాలు. గర్భిణులకు, టీకాల పిల్లలకు వేరే పూట కేటాయించండి. కుర్చీల మధ్య కనీసం మీటరు దూరం ఉండాలి.

3. గాలి ఆడనివ్వండి. చాలామంది బల్లలు తుడవడం మీద పెట్టే శ్రద్ధ కిటికీల మీద పెట్టరు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది, బయటి గాలిని తేదు. ఎదురెదురుగా ఉన్న కిటికీ, తలుపు తెరవండి. సన్నటి కాగితం ముక్క పట్టుకుని గాలి ఎటు పోతోందో చూడండి. అది డాక్టర్ వైపు నుంచి పేషెంటు మీదుగా బయటికి పోవాలి. గంటకు 12 సార్లు గాలి మారే గదిలో వైరస్ ఉన్న తుంపరల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. 6 సార్లే మారితే 46 నిమిషాలు. గదిలో తుంపరలు పెరగకుండా, ఆయాసం మందును పొగమంచులా పీల్పించే నెబ్యులైజర్ బదులు వీలైనంతవరకు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతో) ఇన్‌హేలర్ వాడండి.

4. చేతులు. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లయితే 40 నుంచి 60 సెకన్లు. ప్రతి పేషెంటుకు ముందూ తర్వాతా. గ్లౌజులు వేసుకున్నాం కదా అని ఇది మానకూడదు. అవే గ్లౌజులతో ఫోన్ ఎత్తి, రిజిస్టర్ రాసి, తలుపు తీస్తే వాటి వల్ల లాభం లేదు.

5. మాస్కు, గ్లౌజులు, గౌను విప్పేటప్పుడే అసలు జాగ్రత్త. వేసుకునేటప్పుడు అందరూ శ్రద్ధగానే ఉంటారు. డ్యూటీ అయ్యాక, చెమటతో అలసిపోయి ఉన్నప్పుడు తొందర పుడుతుంది. నీళ్లు తాగాలని మాస్కును ముందు భాగం పట్టుకుని గడ్డం కిందకు లాగడం నేను ఎన్నిసార్లు చూశానో! రోజంతా తుంపరలు పడింది ఆ ముందు భాగం మీదే. ముందు గ్లౌజులు, తర్వాత గౌను, రక్షణ కళ్లద్దాలు, అన్నిటికన్నా చివర మాస్కు. ఎన్95 అయితే గది బయటికి వచ్చాక కింది పట్టీ, ఆ తర్వాత పై పట్టీ తల వెనక నుంచి తీయాలి. మధ్యలో, చివర్లో చేతులు శుభ్రం చేసుకోవాలి. పక్కన ఒకరు నిలబడి చూస్తే తప్పులు బాగా తగ్గుతాయి.

6. తుడవడం. ముందు సబ్బు నీళ్లు, తర్వాత బ్లీచ్. మురికి మీద నేరుగా బ్లీచ్ వేస్తే సరిగా పనిచేయదు. 5 శాతం బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు 49 వంతుల నీళ్లు కలపండి. రక్తం పడిన చోటికైతే 9 వంతుల నీళ్లే. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు. తలుపు పిడులు, కుర్చీ చేతులు, రిజిస్టర్ దగ్గర అందరూ పట్టుకునే పెన్ను మరిచిపోవద్దు. స్టెతస్కోపును స్పిరిట్‌తో తుడవండి. మనుషుల మీద మాత్రం ఏ మందూ పిచికారీ చేయకండి, అది హాని.

7. స్టాఫ్‌ను కూడా అడగండి. పేషెంట్లను అడిగే ప్రశ్నలే రోజూ పొద్దున డాక్టర్‌తో సహా అందరూ వేసుకోవాలి. ఒంట్లో బాగాలేనివాళ్లను జీతం కోయకుండా ఇంటికి పంపాలి. జీతం పోతుందంటే వాళ్లూ జ్వరం బిళ్ల వేసుకునే డ్యూటీకి వస్తారు.