వార్తా ఫోటో పాఠాలు – 5: ‘మామ్మా, ఇటు చూడు’ అనడం మానేద్దాం

ఈ వారం ఫ్రేమింగ్ చెప్పాల్సింది. ఖాదీకి పేరున్న పొందూరు నుంచి మీరు పంపిన ఫోటోలు చూశాక దాన్ని వాయిదా వేశాను. పత్తి నూలుగా మారే కథను మూడు ఫోటోల్లో చెప్పమన్నాను కదా. దాదాపు అందరూ రాట్నం ముందు కూర్చుని కెమెరా వైపు నవ్వుతున్న ముఖాలే పంపారు. పెళ్లి ఆల్బమ్‌కైతే బ్రహ్మాండంగా ఉంటాయి.

ఏం జరిగి ఉంటుందో చెప్పనా? గడప దాటగానే “మామ్మా, ఇటు చూడు” అన్నారు. ఆమె చెయ్యి ఆగింది. పమిట సర్దుకుంది, నవ్వింది. మీరు తీయాల్సిన పని కాస్తా అక్కడే ఆగిపోయింది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి “ఏదీ, మళ్లీ ఓసారి వడుకు” అన్నట్టున్నారు. చూపు రాట్నం మీదున్నా ఆమె ధ్యాసంతా మీ మీదే. ఒక ఫోటోలో అయితే చక్రం తిరుగుతోంది గానీ చేతిలో ఏకే (వడకడానికి చుట్టుకునే దూది) లేదు! అది పేపర్లో పడితే పొందూరులో పిల్లలు కూడా నవ్వుతారు. చెప్పి చేయించినదాన్ని దానంతటది జరిగినట్టు చూపిస్తే, తప్పుడు వార్త రాసినట్టే. పోర్ట్రెయిట్ వేరు. అది తీస్తే పోర్ట్రెయిట్ అనే చెప్పండి, గొడవ లేదు.

మరేం చేయాలి? కాసేపు ఊరికే కూర్చోండి. 1946లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ మార్గరెట్ బోర్క్-వైట్ గాంధీని ఫోటో తీయడానికి వెళ్తే, ఆయన దగ్గరివాళ్లు ముందు రాట్నం తిప్పడం నేర్చుకోమన్నారు. ఆ తర్వాత కూడా మూడే ఫ్లాష్ బల్బులకు (ఒక్కో ఫోటోకి ఒకటి) ఒప్పుకున్నారు. ఆ ఫోటోలో గాంధీ అసలు వడకడం లేదు. ముందు పెద్దగా రాట్నం, దాని వెనక నేల మీద కూర్చుని కాగితాలు చదువుకుంటున్న ఆయన. కెమెరా వంక కన్నెత్తి చూడరు. అయినా ఆయన జీవితంలో రాట్నానికి ఎంత చోటుందో అందులో తెలిసిపోతుంది.

మీలో ఒక్కరు మాత్రం వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేస్తున్న చేతులు పంపారు. దవడ పళ్లకు సన్నటి దూది పీచు చిక్కుకుని ఉంది. ముఖం లేదు. “ఇదేంటి, చేప దవడా?” అని చూసేవాళ్లు ఆగుతారు. మూడింటిలో మొదట పెట్టాల్సింది అలాంటిదే.

లైటు సంగతి మీకు తెలిసిందే. నేనైతే ఫ్లాష్ ఆపేసి గుమ్మం పక్కన వెలుతురు పడే చోటు చూసుకుంటాను. క్యాప్షన్‌లో ఊరు, పని, తేదీ రాయండి. “దీనంగా”, “ఆశగా” లాంటి మాటలు కొట్టేయండి. ఆమె మనసులో ఏముందో మీకెలా తెలుసు?

అభ్యాసం: విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, మూడు ఫోటోలు. ఒక్కదాంట్లోనూ సిరిమాను (పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను) కనబడకూడదు, కానీ చూడగానే ఏ ఉత్సవమో తెలియాలి. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి టెన్షన్ పడకండి. మొదటిసారి కెమెరా తీయకుండా జనాన్ని చూడండి. డాబాల మీద జనం ఫోటోలు ఎన్ని పంపినా ఒకటిగానే లెక్కేస్తాను.