షుగరు, బరువు మందులతో కడుపు తిప్పుతున్నప్పుడు

షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో విరేచనాలు, కడుపు ఉబ్బరం, నోట్లో ఇనుప రుచి చాలామందికి కలుగుతాయి. ఈ మాత్రను పరగడుపున కాక, భోజనంతోపాటు గానీ ముగిసిన వెంటనే గానీ వేసుకోవాలి. 500 మిల్లీగ్రాములతో మొదలై వారానికొక మెట్టు చొప్పున పెంచితే కడుపు అలవాటుపడుతుంది. అప్పటికీ తగ్గకపోతే నెమ్మదిగా కరిగే ఎస్‌ఆర్ రకానికి మార్చమని వైద్యుణ్ని అడగవచ్చు. పిండిపదార్థం అరగడాన్ని నెమ్మదింపజేసే మరో షుగరు మాత్ర వోగ్లిబోస్‌తో వచ్చే గ్యాసు వేరు: అరగని పిండిపదార్థం పెద్దపేగులో పులియడమే దానికి కారణం కనుక, అన్నం తగ్గిస్తే గ్యాసూ తగ్గుతుంది.

షుగరుకూ బరువుకూ వారానికొకసారి సూదిగా తీసుకునే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్‌లతో మరింత జాగ్రత్త అవసరం. ఇవి ఆకలిని తగ్గించడమే కాక, తిన్నది జీర్ణాశయం నుంచి కిందికి దిగే వేగాన్ని కూడా తగ్గిస్తాయి కాబట్టి, పాత కొలతలోనే తింటే వికారం, పులితేన్పులు, వాంతులు తప్పవు. సెమాగ్లుటైడ్‌ను 0.25, టిర్జెపటైడ్‌ను 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలు గడిచాకే పెంచుతారు. త్వరగా సన్నబడాలని సొంతంగా మోతాదు పెంచుకోవడం వాంతులను కొనితెచ్చుకోవడమే.

నెల్లూరు వారిని చేపల పులుసు మానమనడం న్యాయం కాదు, మానవలసిన పనీ లేదు. మోతాదు పెంచిన వారంలో మాత్రం పైన తేలిన నూనె తీసేసి, రెండు ముక్కలు, గుప్పెడు అన్నంతో మధ్యాహ్నమే తిని, ఇంకా కాస్త ఆకలి ఉండగానే చెయ్యి కడుక్కోవాలి. నెయ్యి కారం దోశను కొన్నాళ్లు వాయిదా వేయడం మేలు. తిన్న వెంటనే పడుకోకూడదు. మలబద్ధకం ఉంటే ఆకుకూరలు, నీళ్లు పెంచాలి.

ఒంగోలు, కనిగిరి ప్రాంతాల రోహిణి కార్తె ఎండల్లో వాంతులు, విరేచనాలు మొదలైతే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. షుగరు ఉందని ఓఆర్ఎస్‌కు భయపడనక్కర్లేదు. అందులోని గ్లూకోజు ఉప్పును, నీటిని పేగు పీల్చుకోవడానికే. ప్యాకెట్‌పై రాసినంత నీటిలో కలిపి, గుక్కెడు గుక్కెడుగా తాగుతూ, చక్కెర స్థాయి చూసుకోవాలి. తిండి నిలవని రోజున గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవారికి చక్కెర బాగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్‌ను, డపాగ్లిఫ్లోజిన్ అనే మరో షుగరు మాత్రను తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. అందుకే ఆ రోజే వైద్యుడికి ఫోను చేయాలి. పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి వస్తే పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాపు కావచ్చు కనుక, తర్వాతి సూది వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.