షార్ట్స్ చేసేవారికి డబ్బు ఏ దారిన వస్తుంది

2020 జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించాక మన పొట్టి వీడియోలు చాలావరకు ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కూ, యూట్యూబ్ షార్ట్స్‌కూ చేరాయి. ప్రకటనల ఆదాయంలో వాటా లెక్క స్పష్టంగా ఉన్నది యూట్యూబ్‌లో కనుక ముందుగా దాన్నే తెలుసుకోవాలి.

ఛానెల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉంటే ప్రకటనల వాటాకు దరఖాస్తు చేసుకోవచ్చు. కోటి మరీ దూరమనిపిస్తే, ఏడాదిలో పెద్ద వీడియోలను 4,000 గంటలు చూసినా అర్హత వస్తుంది; షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం మాత్రం ఈ గంటల్లో కలవదు. అర్హత వచ్చాక షార్ట్స్ ఒప్పందాన్ని విడిగా అంగీకరించాలి. అంగీకరించిన రోజు నుంచి వచ్చే వ్యూస్‌కే డబ్బు లెక్కగడతారు కాబట్టి ఇందులో ఆలస్యం తగదు.

షార్ట్స్ మధ్య కనిపించే ప్రకటనల సొమ్ము ఏ ఒక్క వీడియోకూ నేరుగా చెందదు. అదంతా ఒకచోట పోగై, సంగీత హక్కుల ఖర్చు పోయాక, దేశాలవారీగా వ్యూస్ నిష్పత్తిలో పంపకమవుతుంది. అలా తన పేరున పడిన దానిలో 45 శాతం క్రియేటర్‌కు దక్కుతుంది. పెద్ద వీడియోలకైతే ఇది 55 శాతం. షార్ట్స్ లైబ్రరీలోని పాట వాడితే తమ వాటా కోసుకుపోతారని చాలామంది భయపడతారు గానీ, ఆ 45 శాతం మారదు. ఇంకొక చిక్కుంది: 2025 మార్చి 31 నుంచి వీడియో కదలడం మొదలైతే చాలు, వ్యూ కింద లెక్కిస్తున్నారు. డబ్బుకూ అర్హతకూ పనికొచ్చేవి ఎంగేజ్డ్ వ్యూస్, అంటే వెంటనే దాటేయకుండా చూసినవి మాత్రమే కనుక, వీడియో కింద కనబడే అంకెను చూసి మురిసిపోకుండా ఛానెల్ లెక్కలు చూపే అనలిటిక్స్‌లో వీటినే చూసుకోవాలి.

ఈ డబ్బు గూగుల్ చెల్లింపుల ఖాతా అయిన యాడ్‌సెన్స్‌లో చేరుతుంది. అందులో 10 డాలర్లు చేరాక, చిరునామా నిర్ధారణ కోసం పోస్టులో పిన్ వస్తుంది. 100 డాలర్లు నిండితేనే బ్యాంకులో జమ అవుతుంది. అమెరికా పన్ను పత్రం నింపడం మరవకూడదు. అక్కడి తెలుగువారు మన వీడియోలు చూస్తే, ఆ దేశపు వ్యూస్ నుంచి వచ్చిన రాబడిపైనే భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం కోత పడుతుంది. పత్రమే ఇవ్వకపోతే మొత్తం ఆదాయంపై 24 శాతం దాకా పోవచ్చు.

ఇంత చేసినా వ్యూస్ డబ్బుతోనే ఇల్లు గడపడం కష్టమని నా అభిప్రాయం. నిలకడైన రాబడి ప్రమోషన్ల నుంచో, సొంత సరుకు నుంచో రావాలి. పచ్చళ్లు పెట్టి చూపించేవారు ఆ పచ్చళ్లనే అమ్ముకోవడం అన్నిటికన్నా సూటైన దారి. దుకాణం వారు ప్రమోషన్ అడిగితే ధర ఒక్కటే మాట్లాడుకుంటే చాలదు. ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చు, మన వీడియోను వాళ్లు ఎన్ని నెలలు తమ ప్రకటనగా వాడుకోవచ్చు, బయానా ఎంత అన్నవి రాతలో ఉండాలి. పెయిడ్ ప్రమోషన్ అని వీడియోలోనే కనబడేలా చెప్పాలి; తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. డబ్బుకు బదులు ఫోనో, టూరో ఇచ్చినా, ఏడాదిలో వాటి విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ వర్తిస్తుంది.

బెట్టింగ్ యాప్‌లు అందరికన్నా ఎక్కువ ఇస్తామంటాయి. 2025 మార్చిలో వాటికి ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్లపై హైదరాబాద్‌లో కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అంటోంది.