యూఐ థ్రెడ్‌లో డాట్ రిజల్ట్ రాస్తే యాప్ ఎందుకు బిగుసుకుపోతుంది, ఎలా సరిచేయాలి

సీ షార్ప్‌లో విండోస్ డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే విన్‌ఫామ్స్‌లోనో డబ్ల్యూపీఎఫ్‌లోనో బటన్ నొక్కగానే విండో ఫ్రీజ్ అయి నాట్ రెస్పాండింగ్ అని వస్తోందా, ఎర్రర్ లేదు, ఎక్సెప్షన్ లేదు, సీపీయూ కూడా ఖాళీగానే ఉందా? ముందు విజువల్ స్టూడియోలో బ్రేక్ ఆల్ కొట్టి యాప్‌ని ఆపి, మెయిన్ థ్రెడ్ (విండోని నడిపే యూఐ థ్రెడ్) కాల్ స్టాక్‌లో అది ఏ కోడ్ దగ్గర ఆగిందో చూడండి. డాట్ రిజల్ట్ దగ్గరో డాట్ వెయిట్ దగ్గరో (రెండూ పని అయ్యేదాకా థ్రెడ్‌ని ఆపేసేవే) ఆగి ఉంటే దాదాపు డెడ్‌లాకే, అంటే రెండు పనులు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఇరుక్కుపోవడమే, నెట్ స్లో అనుకుని టైమవుట్ పెంచుకుంటూ కూర్చోకండి.

జరిగేది ఇదీ. గెట్‌డేటాఅసింక్ అనే మెథడ్‌లో సర్వర్ నుంచి డేటా తెచ్చే హెచ్‌టీటీపీక్లయింట్ కాల్‌ని అవెయిట్ చేశారు (థ్రెడ్‌ని ఆపకుండా జవాబు కోసం ఎదురుచూడటం), క్లిక్ హ్యాండ్లర్‌లో దాన్ని పిలిచి పక్కనే డాట్ రిజల్ట్ పెట్టారు. అవెయిట్ ఆగేటప్పుడు అప్పుడున్న సింక్రనైజేషన్ కాంటెక్స్ట్‌ని, అంటే మిగతా కోడ్ ఎక్కడ నడవాలో చెప్పే దాన్ని, గుర్తుపెట్టుకుంటుంది, ఇక్కడైతే అది యూఐ థ్రెడ్‌ది, రెస్పాన్స్ వచ్చాక మిగతా కోడ్‌ని ఆ థ్రెడ్ క్యూలోనే వేస్తుంది. ఆ థ్రెడ్ ఏమో రిజల్ట్ కోసం బ్లాక్ అయిపోయింది, క్యూ వైపే చూడదు. సర్వర్ రిప్లై ఎప్పుడో వచ్చేసి ఉంటుంది! హెచ్‌టీటీపీక్లయింట్‌కి డిఫాల్ట్‌గా ఉండే 100 సెకన్ల టైమవుట్ కూడా కాపాడదు, ఆ ఎక్సెప్షన్ మన మెథడ్‌లోకి రావాలన్నా అదే థ్రెడ్ ఖాళీ అవ్వాలి కదా. కన్సోల్ యాప్‌లో టెస్ట్ చేసి బానే ఉంది అనుకోవద్దు, అక్కడ ఆ కాంటెక్స్టే ఉండదు కాబట్టి నడిచిపోతుంది.

అసలైన పరిష్కారం ఒకటే, కింద నుంచి పై దాకా అవెయిట్. క్లిక్ హ్యాండ్లర్‌ని అసింక్ వాయిడ్ చేసి రిజల్ట్ తీసేసి అవెయిట్ పెట్టండి. ఇప్పుడు విండో బతికే ఉంటుంది కాబట్టి యూజర్ మళ్ళీ నొక్కగలడు, అందుకే ముందే బటన్ డిసేబుల్ చేసి ఫైనల్లీ బ్లాక్‌లో ఎనేబుల్ చేయండి, ట్రై క్యాచ్ కూడా మర్చిపోవద్దు, అసింక్ వాయిడ్‌లో పట్టుకోని ఎక్సెప్షన్ యాప్‌నే పడగొట్టేయగలదు. కన్‌స్ట్రక్టర్‌లో డేటా తెస్తుంటే ఆ పనిని లోడెడ్ ఈవెంట్‌కి మార్చండి.

లైబ్రరీ కోడ్ అయితే ప్రతి అవెయిట్‌కీ కాన్ఫిగర్‌అవెయిట్ ఫాల్స్ (పాత కాంటెక్స్ట్‌కి తిరిగి రానక్కర్లేదని చెప్పేది) పెట్టండి, ఒక్కటి వదిలేసినా మళ్ళీ ఇరుక్కోవచ్చు. యూఐ మెథడ్‌లో మాత్రం వద్దు, ఆ తర్వాత టెక్స్ట్‌బాక్స్ ముట్టుకుంటే రాంగ్ థ్రెడ్ ఎక్సెప్షన్ రావచ్చు.

రిజల్ట్ బదులు గెట్‌అవెయిటర్, గెట్‌రిజల్ట్ రాస్తే చాలంటారు కొందరు. అది ఎక్సెప్షన్ రూపాన్నే మారుస్తుంది, డెడ్‌లాక్ అలాగే ఉంటుంది. పాత ఇంటర్‌ఫేస్ వల్ల సింక్‌గానే, అంటే అవెయిట్ లేకుండా, ఇవ్వక తప్పకపోతే ఆ కాల్‌ని టాస్క్ డాట్ రన్ (పనిని వేరే థ్రెడ్‌లో నడిపేది) లోపల పెట్టి బయట రిజల్ట్ తీసుకోండి, డెడ్‌లాక్ రాదు గానీ రెస్పాన్స్ వచ్చేదాకా విండో మాత్రం కదలదు.