ఆన్సీలో ఏడు రాత్రులు: హన్మకొండ నుంచి వెళ్లేవాళ్ల కోసం

"గంత దూరం పోయి ఒక్క చెరువు జూసొస్తవా బావా? మన లక్నవరం ఏం పాపం జేసింది?" అన్నాడు మా బామ్మర్ది, టికెట్లు చూపించగానే. అతనికి చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పాకాల, లక్నవరం, రామప్ప తూముల దగ్గరే నా ఉద్యోగం చాలావరకు గడిచింది. రిటైరయ్యాక ఒక్కసారి విదేశం వెళ్దామనుకున్నప్పుడు ఈఫిల్ టవర్ కంటే నీళ్లే గుర్తొచ్చాయి.

ఆన్సీ ఫ్రాన్స్‌లో, ఆల్ప్స్ కొండల కింద, ఓత్ సవ్వా జిల్లాలో ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే 'అన్నెసి' అనాలనిపిస్తుంది కానీ బస్సు డ్రైవర్‌తో అలా అంటే అర్థం కాదు. సరస్సు సముద్రమట్టానికి 447 మీటర్ల ఎత్తులో ఉంది. విస్తీర్ణం సుమారు 27 చదరపు కిలోమీటర్లు, అన్నింటికంటే లోతైన చోట 82 మీటర్లు. మన చెరువుల మీద పనిచేసినవాడికి ఈ లోతు వింటే తల తిరుగుతుంది. మనవాటిలాగా కట్ట వేసి నిలిపిన నీళ్లు కావు. హిమానీనదం తవ్విపోయిన గుంట అది.

మొదట ఎన్ని రోజులో తేల్చుకోండి. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక ట్రావెల్స్ అతను నాకు 'తొమ్మిది రోజుల్లో ఆరు దేశాలు' అన్న ప్యాకేజీ అంటగట్టబోయాడు. అందులో ఈ ఊరు లేనేలేదు. ఉన్నా మధ్యాహ్నం దింపి, సాయంత్రం ఎక్కించుకుపోయేవాళ్లే. కొండల మధ్య ఊరు కాబట్టి వానలు ఎక్కువ. మేమున్న ఏడు రోజుల్లో రెండు రోజులు మబ్బు దిగి, అవతలి ఒడ్డే కనిపించలేదు. రెండు రాత్రులకే వెళ్లి ఉంటే ఆ తెల్లటి మబ్బు చూసి తిరిగొచ్చేవాళ్లం. కనీసం ఆరు రాత్రులు ఒకేచోట ఉండండి. అంత వీలు లేకపోతే వేరే ఊరు చూసుకోవడం మేలు.

ఎప్పుడు వెళ్లాలన్నది మా ఇంట్లో బతుకమ్మ తేల్చింది. "ఎంగిలిపూల నాటికి నేను వేయిస్తంభాల గుడి కాడ ఉండాలె, తర్వాత మీ ఇష్టం" అంది మా ఆవిడ. 2024లో అది అక్టోబర్ 2న వచ్చింది, అందుకని సెప్టెంబర్ రెండో వారంలో వెళ్లాం. అనుకోకుండా మంచి కాలమే దొరికింది. జూలై, ఆగస్టుల్లో ఈతకు నీళ్లు వెచ్చగా ఉంటాయి, కానీ గదుల ధరలు కొండెక్కుతాయి, సరస్సు చుట్టూ ఉన్న రోడ్డు మేడారం జాతర దారిలా అయిపోతుందట. జూన్‌లో యానిమేషన్ సినిమాల పండుగ జరుగుతుంది, 1960లో మొదలైంది. ఆ వారం గది దొరకడం కష్టం. ఆగస్టు మొదటి శనివారం సరస్సు మీద పెద్ద బాణసంచా ఉంటుంది. అది చూడాలని పట్టుదల ఉంటే నెలల ముందే బుక్ చేయండి. సెప్టెంబర్‌లో పగలు 20 డిగ్రీలు దాటుతుంది, తెల్లవారుజామున 10 దగ్గర ఉంటుంది. మనకు జనవరిలో చలి వేసే మనుషులైతే స్వెటర్ తప్పదు.

గది ఏ ఒడ్డున తీసుకోవాలన్నది ఎవరూ సరిగ్గా చెప్పరు. సరస్సు ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఉంది. పడమటి ఒడ్డు మీద సెమ్నో కొండ ఉంది కాబట్టి సెవ్రియే, సాన్ జోరియో ఊళ్లలో సాయంత్రం ఎండ తొందరగా పోతుంది. తూర్పు ఒడ్డున ఉన్న వేరియే, మాంతోన్, తాల్వార్ ఊళ్లకు పొద్దున్నే ఎండ రాదు కానీ సాయంత్రం చాలాసేపు ఉంటుంది. నిద్ర లేవడం ఆలస్యమయ్యేవాళ్లకు తూర్పు, నాలాంటి తెల్లవారుజాము మనుషులకు పడమర. కారు లేనివాళ్లకు మాత్రం ఈ లెక్క వద్దు. ఉత్తరం కొసన ఉన్న ఆన్సీ ఊళ్లోనే, స్టేషన్‌కూ పాత ఊరికీ నడిచేంత దూరంలో, వంటగది ఉన్న చిన్న ఇల్లు తీసుకోండి. మేం అదే చేశాం. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బుక్ చేసేటప్పుడు అది చూసుకోకపోవడం నా తప్పే, మోకాళ్ల నొప్పి మాత్రం మా ఆవిడది.

ఇక వీసా. ఇక్కడ తొందరపడితే మొత్తం చెడుతుంది. దగ్గర్లో ఉన్న పెద్ద విమానాశ్రయం జెనీవా, అది స్విట్జర్లాండ్‌లో ఉంది. పైన చెప్పిన ట్రావెల్స్ అతను "అక్కడ దిగుతున్నరు కదా సార్, స్విస్ వీసానే పెట్టాలె" అన్నాడు. కాదు. రెండూ షెంజెన్ దేశాలే, అంటే ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోవే. ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. మన విషయంలో అది ఫ్రాన్స్. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరుకు 15 రోజుల ముందైనా పెట్టాలి. ఆ 15 రోజులను నమ్ముకోకండి, నేను జూన్ చివర్లో పెట్టాను. ఫ్రాన్స్-వీసాస్ సైట్‌లో ఫారం నింపి, అపాయింట్‌మెంట్ తీసుకుని, వేలిముద్రలకు హైదరాబాద్ సెంటర్‌కు స్వయంగా వెళ్లాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జి వేరే.

కాగితాల్లో పాస్‌పోర్టు మొదట చూడండి. పదేళ్ల లోపు ఇచ్చినదై, తిరిగొచ్చాక కనీసం మూడు నెలలు చెల్లేదై, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్‌లు, మాలాంటివాళ్లకు పెన్షన్ కాగితాలు, ఉద్యోగులకు ఆఫీసు నుంచి సెలవు పత్రం కావాలి. స్టేట్‌మెంట్‌లో డబ్బు కనబడాలని ఎవరి దగ్గరో తెచ్చి వారం ముందు వేయకండి, ఆ ఎంట్రీనే మొదట కళ్లలో పడుతుంది. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఉండాలి.

మన పేర్ల గొడవ ఒకటుంది. మా ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒక్క గడిలోనే ఉంది. ఇన్సూరెన్స్ ఫారం ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలనివ్వలేదు. నేను అక్కడ నా ఇంటిపేరు టైప్ చేసేశాను. అపాయింట్‌మెంట్ ముందురోజు రాత్రి వీడియో కాల్‌లో మా పెద్దమ్మాయి పట్టుకుంది, "నాన్నా, అమ్మ పేరు టికెట్‌లో ఒక తీరు, ఇన్సూరెన్స్‌లో ఒక తీరు ఉంది" అని. పదకొండింటికి కూర్చుని మళ్లీ పాలసీ కొన్నాను. టికెట్, ఇన్సూరెన్స్, గది మూడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. గడి ఖాళీ ఉన్నవాళ్లు ముందే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి ఎలా రాయాలో అడగండి.

శంషాబాద్ నుంచి జెనీవాకు దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వెళ్లొచ్చు. పారిస్ చూడాలనుకుంటే అక్కడ గార్ ద లియోన్ స్టేషన్‌లో ఆన్సీకి నేరుగా వెళ్లే టీజీవీ అనే వేగపు రైలుంది, నాలుగు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. జెనీవా నుంచి సుమారు 40 కిలోమీటర్లే. విమానాశ్రయం నుంచి బస్సులున్నాయి, సీటు ముందే బుక్ చేసుకోండి. జెనీవా ఊళ్లోంచి రైలు కూడా ఉంది, గంటన్నర. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో వేలిముద్ర, ఫొటో తీసే కొత్త పద్ధతి మొదలైంది కాబట్టి దిగిన గంటకే ఉన్న బస్సు తీసుకోకండి. ఇంకొక మెలిక: స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. కొన్ని యూరప్ సిమ్‌లు ఫ్రాన్స్‌లో పనిచేసినా జెనీవాలో చేయవు. టికెట్లన్నీ కాగితం మీద తీసుకెళ్లండి. డబ్బు కూడా అక్కడ ఫ్రాంకులు, ఆన్సీలో యూరోలు. మన సన్నటి రెండు పిన్నుల చార్జర్ రెండు దేశాల్లోనూ పడుతుంది. మూడు పిన్నులది పట్టదు, మా రైస్ కుక్కర్ అలా ఏడు రోజులు సెలవు తీసుకుంది.

తిండి మూటలో సకినాలు, చింతపండు, కారం, మామిడికాయ తొక్కు పెట్టుకోండి. మాంసం పచ్చళ్లు, నెయ్యి, పాలకోవా వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు అక్కడికి తీసుకుపోనివ్వరు. బియ్యం, ఎర్ర కందిపప్పులా కనిపించే మసూరి పప్పు అక్కడి సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. ఆ పప్పు, చింతపండు చారుతో మా రాత్రులు గడిచాయి. మేం దిగింది ఆదివారం మధ్యాహ్నం. అప్పటికి కొట్లు చాలావరకు మూసేశారు. మొదటి రాత్రి భోజనం సకినాలూ తొక్కూనే. వీలైతే ఆదివారం దిగకండి. హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, మళ్లీ ఏడు తర్వాత. మూడింటికి ఆకలేస్తే ఎవరూ వండిపెట్టరు. ఎక్కడికి వెళ్లినా మొదట 'బోంజూర్' అనండి, ఆ తర్వాతే ఏదైనా అడగండి. 'కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్లు ఉచితంగా తెచ్చిస్తారు, ఇంకోలా అడిగితే సీసా తెచ్చి బిల్లేస్తారు.

ఆ ప్రాంతపు వంట తార్తిఫ్లెత్. ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు, రెబ్లోషోన్ అనే చీజ్, పందిమాంసం ముక్కలు కలిపి చేస్తారు. శాకాహారులు 'సాన్ వియాంద్', అంటే మాంసం లేకుండా, అని గట్టిగా చెప్పాలి. ఆ చీజ్ కథ మా ఆవిడకు బాగా నచ్చింది. వెనకటికి పాల లెక్కను బట్టి భూస్వామికి శిస్తు కట్టేవారట. లెక్క చూసే మనిషి ఉన్నంతసేపు సగం పిండి ఆపేసి, ఆయన పోయాక ఆవును మళ్లీ పిండేవారు. ఆ రెండోసారి చిక్కటి పాలతో చేసిందే రెబ్లోషోన్. "పటేండ్లకు లెక్క జెప్పే కాడ మనోళ్లూ గిట్లనే జేసేటోళ్లు" అంది. పాత ఊళ్లో మంగళ, శుక్ర, ఆదివారాల పొద్దున తిండి సరుకుల అంగడి జరుగుతుంది, చీజ్ అక్కడే కొనండి.

మొదటి పూట ఎక్కడికీ పరుగెత్తకుండా సరస్సు నీళ్లు బయటికి పోయే చోటు చూడండి. మన భాషలో మత్తడి అన్నమాట. తియూ అనే చిన్న నది అక్కడ మొదలై పాత ఊరి మధ్యలోంచి వెళ్తుంది. దాని నడుమ పడవ ముక్కులా నిలబడిన రాతి భవనం పలే ద లిల్, 12వ శతాబ్దం నాటిది, ఒకప్పుడు జైలు. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతారు. నేను ఆ నది మీద గేట్ల దగ్గర నిలబడ్డాను. సరస్సు నీటిమట్టాన్ని ఆ గేట్లతోనే సర్దుతారు. అంత పెద్ద సరస్సుకు ఇంత చిన్న తూమా అని ముక్కున వేలేసుకున్నాను. మా ఆవిడ అరగంట బెంచీ మీద కూర్చుని, "రిటైరైన్రు, యాదికుందా?" అంది.

నీళ్లు మాత్రం ఎంత తేటగా ఉన్నాయంటే రేవు దగ్గర అడుగు గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. ఎప్పుడూ ఇలా లేదు. 1950ల నాటికి ఊళ్ల మురుగంతా ఇందులోకే వచ్చేది, చేపలు తగ్గిపోయాయి. పాల్ సెర్వెతాజ్ అనే డాక్టరు ఊరూరా తిరిగి చెప్పాడు. 1957లో చుట్టూ ఉన్న ఊళ్లు ఒక సంఘంగా ఏర్పడి, సరస్సును చుట్టి మురుగు పైపు వేసి, ఒక్క చుక్క లోపలికి రాకుండా దారి మళ్లించాయి. ఇప్పుడు తాగునీటికీ ఈ సరస్సే ఆధారం, మనకు ధర్మసాగర్ లాగా. భద్రకాళి చెరువులో గుర్రపు డెక్క తీయించిన మనిషిని, ఆ ఒడ్డున కూర్చుంటే కొంచెం కుళ్లుగానే అనిపించింది.

ఎండ ఉన్న మొదటి రోజునే సైకిళ్లకు వాడుకోండి. సరస్సు చుట్టూ సుమారు 40 కిలోమీటర్లు. అంతా తిరగాల్సిన పని లేదు. పడమటి ఒడ్డున పాత రైలు పట్టాల దారినే సైకిల్ బాట చేశారు కాబట్టి ఎత్తుపల్లాలు లేవు. ద్వాన్ అనే ఊరి దాకా పన్నెండు కిలోమీటర్లు, అక్కడ పాత రైలు సొరంగంలోంచి కూడా తొక్కొచ్చు. తూర్పు ఒడ్డున ఎక్కుళ్లున్నాయి. బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకోండి, సిగ్గుపడకండి. ఇంకొక పూట రేవు రేవుకూ ఆగే పడవెక్కి తాల్వార్‌లో దిగండి. పారాగ్లైడింగ్ మోజున్నవాళ్లకు ఫోర్క్లాజ్ కనుమ ఉంది, ఆ పైనుంచి దూకుతారు. మేం కింద గడ్డి మీద కూర్చుని చూశాం.

మోన్ బ్లాన్ అనే పెద్ద మంచుకొండ కింద ఉన్న షామోనీ ఊరికి వెళ్లి, ఎగ్వియ్ దు మిది అనే శిఖరానికి రోప్‌వే ఎక్కాలని అందరికీ ఉంటుంది. పోను రాను రోజంతా పడుతుంది. పైభాగం 3,842 మీటర్ల ఎత్తు, కింద ఊరు వెయ్యి మీటర్లకు కాస్త పైన, ఇరవై నిమిషాల్లో తీసుకుపోతారు. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు ఇక్కడే డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోండి. మా డాక్టర్ వద్దన్నారు, సెమ్నో కొండతో సరిపెట్టుకున్నాం. 1,699 మీటర్లే అయినా తెరిపి ఉన్న రోజు మోన్ బ్లాన్ మంచు అక్కడి నుంచే కనిపిస్తుంది. మబ్బు రోజు వెళ్లకండి.

తిరుగు ప్రయాణానికి విమానం టైముకు మూడు నాలుగు గంటల ముందు జెనీవా చేర్చే బస్సు తీసుకోండి. శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగితే ట్యాక్సీవాళ్లతో బేరం పెట్టుకోవద్దు. విమానాశ్రయం నుంచి నడిచే పుష్పక్ ఆర్టీసీ బస్సులో ఉప్పల్ దాకా వచ్చి, అక్కడ హన్మకొండ బస్సెక్కండి. మేం అలాగే వచ్చాం. జనగామ దాటాక తంగేడు పూలు ఎక్కడెక్కడ పూశాయో మా ఆవిడ కిటికీలోంచి గుర్తు పెట్టుకుంది.