సిటీ హాల్ మెట్ల మీద పెళ్లిళ్లు

బే ఏరియాలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు ఒక మాట. వీలు చూసుకుని ఒక శుక్రవారం శాన్ ఫ్రాన్సిస్కో సిటీ హాల్‌కు, అంటే నగర పాలక భవనానికి వెళ్లండి. టికెట్ ఉండదు. సివిక్ సెంటర్ బార్ట్ (స్థానిక రైలు) స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. ద్వారం దగ్గర సంచులు తనిఖీ చేస్తారు. శని, ఆదివారాల్లో మాత్రం వెళ్లకండి, మూసి ఉంటుంది.

1906 భూకంపంలో పాత భవనం కూలిపోయాక 1915లో పూర్తయిన భవనం ఇది. గుమ్మటం కింద, పాలరాతి మెట్ల పైన పెళ్లిళ్లు జరుగుతుంటాయి. ఒక్కొక్కటి కొద్ది నిమిషాలే. తెల్ల గౌనులో ఒక వధువు దిగుతుంటే, ఎర్రని చైనా పెళ్లి దుస్తుల్లో మరొకరు ఎక్కుతుంటారు. ఆ వెనుకే స్పానిష్ మాట్లాడే కుటుంబం, ఇంకోవైపు పట్టుచీర. ప్రమాణం చెప్పేటప్పుడు గొంతు వణకడం మాత్రం అందరికీ ఒకటే. నాకు ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి.

పిలవని పేరంటమని జంకకండి, అది అందరూ తిరిగే చోటు. పై అంతస్తుల పిట్టగోడ దగ్గర నిలబడితే ఎవరికీ అడ్డం రాకుండా అంతా కనిపిస్తుంది. మెట్ల మీద నిలబడితే వాళ్ల ఫోటోల్లో పడతారు. అడగకుండా మీరు ఫోటోలు తీయవద్దు. అక్షింతలు చల్లాలని చేయి లాగుతుంది కానీ లోపల అవేవీ చల్లకూడదు. చప్పట్లు కొట్టండి, వాళ్లు తలెత్తి నవ్వుతారు.